మరుగుజ్జు రౌతు ఏమెక్కాలి?

పాఠకులారా! ఏ విషయమూ ఎప్పటికీ తేలకపోవడమే మనిషికి దక్కిన గొప్ప వరమని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. నమ్మరా? అయితే మీరు ఇంతవరకు ఏ క్లబ్బులోనూ కమిటీ మెంబరుగా లేరన్నమాట. మీకు నా సానుభూతి.

మా డార్బిషైర్‌లో, చర్చి వెనక హాల్లో, ప్రతి శనివారం మధ్యాహ్నం పదకొండు మందిమి కలుస్తాం. ఆరేళ్లుగా సొంతంగా ఒక యుద్ధం ఆట తయారుచేస్తున్నాం. బల్ల మీద కొండలు, కోటలు, బొటనవేలంత సైనికులు, పాచికలు. మనుషుల సైన్యం సిద్ధం. రాక్షసుల సైన్యం సిద్ధం. కొండల్లో గనులు తవ్వుకుని బతికే గడ్డాల మరుగుజ్జుల కాల్బలమూ సిద్ధం. మిగిలింది వాళ్ల రౌతుదళం ఒక్కటే. వాళ్లు దేని మీద ఎక్కి యుద్ధానికి పోవాలి?

ఈ చిన్న ప్రశ్న మీద పద్నాలుగు నెలలుగా చర్చిస్తున్నాం! నేను ఆ క్లబ్బు కార్యదర్శిని. మినిట్స్ రాసే పుస్తకం ఇప్పుడు మూడోది నడుస్తోంది.

గుర్రం ఎక్కించవచ్చు కదా అంటారు మీరు. అందరూ మొదట అదే అంటారు. గుర్రమే ఎక్కితే మరుగుజ్జుకీ మనిషికీ తేడా ఏముంది? పైగా అంత పైకి ఎలా ఎక్కుతాడు? ఎక్కాక ఎలా దిగుతాడు? యుద్ధరంగంలో నిచ్చెన ఎవరు పట్టుకుంటారు? నిచ్చెన పట్టుకున్నవాడిని సైనికుడిగా లెక్కించాలా, వద్దా? చూశారా! ఒక్క గుర్రానికే మాకు రెండు నెలలు పట్టింది.

మేక సంగతి చూద్దాం. కొండజాతి వాళ్లు కాబట్టి మేక సరిపోతుందన్నారు సగం మంది. మా నైజెల్ గ్రాటన్ ముప్పై ఏళ్లుగా పశువుల డాక్టరు. లేచి నిలబడ్డాడు.

"మేక నడుం మీద కవచం వేసుకున్న గడ్డపోడు కూచుంటే ఏవవుద్దో తెలుసా మీకు? నేను చూశాను. మా బావమరిది తాగేసి ఎక్కాడు. మేక ఇప్పటికీ కుంటుతోంది!"

"మీ బావమరిది సంగతి వేరు నైజెల్. అతను మరుగుజ్జు కాదు కదా" అంది మా అధ్యక్షురాలు బార్బరా రాగ్. ఆమె పాత జాగ్రఫీ టీచరు. ఎవరు ఎక్కడున్నా ఎత్తుపల్లాలు చూసే మాట్లాడుతుంది.

"బరువు లెక్క ఒకటేనమ్మా! కిలో ఎవడిదైనా కిలోనే!"

ఎలుగుబంటి విషయంలో బార్బరా పట్టు పట్టింది. ఎలుగు చలికాలం నిద్రపోతుంది, మా ఆటలో చలికాలం నాలుగు వంతుల్లో ఒక వంతు, కాబట్టి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రౌతుదళానికి సెలవు ఇవ్వాలి అంది. శత్రువు ఆ నెలల్లోనే వస్తే? సెలవు రద్దు చేసే అధికారం ఎవరిది? దానికి ఉపసంఘం వేశాం. ఆ ఉపసంఘం ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది, ఎలుగుబంటిని మేము వదిలేసి ఏడాదవుతున్నా!

ఇంతకీ ఒక చిన్న పొరపాటు జరిగింది. వాహనం సంగతి తేలేలోపు సమయం వృథా చేయడమెందుకని, ముందు రౌతుల్ని చెక్కేద్దామని తీర్మానం చేశాం. రౌతు రౌతే కదా, దేని మీద కూర్చుంటే ఏమిటి? క్లిఫర్డ్ ఆల్సప్ నలభై మందిని చెక్కాడు. క్లిఫర్డ్ అంటే మా క్లబ్బు చేతులు. ఇనుప కార్ఖానాలో పోత అచ్చులకు చెక్క నమూనాలు చేసి రిటైరైన మనిషి. డెబ్బై నాలుగేళ్లు. ఆయన చెక్కిన రౌతుకి గడ్డంలో జడలు కూడా విడివిడిగా కనిపిస్తాయి.

కానీ కూర్చున్న మనిషికి రెండు మోకాళ్ల మధ్య ఎడం ఉంటుంది కదా? ఆ ఎడం, జంతువు వీపు వెడల్పుని బట్టి కదా ఉండాలి? ఈ సంగతి పదకొండు మందిలో ఒక్కరికీ తట్టలేదు. క్లిఫర్డ్ మధ్యరకంగా పన్నెండు మిల్లీమీటర్లు ఉంచాడు. అప్పటి నుంచి ఏ జంతువు పేరు వచ్చినా నైజెల్ స్కేలు తీస్తాడు. మేక సన్నం. ఎలుగు లావు. ఈలోగా నలభై మంది వీరులు కాళ్లు చాపుకుని, కత్తులు ఎత్తుకుని, గాలి మీద కూర్చుని ఉన్నారు. నిలబెడదామంటే పడిపోతారు.

అయినా దీనివల్ల కలిగిన మేలు చూడండి! పద్నాలుగు నెలల్లో ఒక్క మరుగుజ్జు యుద్ధంలో చావలేదు. ఏ దేశపు సేనాపతి ఈ మాట చెప్పుకోగలడు? ఇక విజ్ఞానం సంగతి. అడవిపందికి చెమట పట్టదని మా ఇంటావిడకి కూడా తెలుసు ఇప్పుడు. వాట్సాప్ గ్రూపులో రోజుకి రెండొందల మెసేజీలు. నలుగురు బంధువులు నాతో మాట్లాడటం మానేశారు. ఎంత ప్రశాంతంగా ఉందో!

అన్నిటికన్నా గొప్పది మా మర్యాద. ఎవరి మనసూ నొప్పించకూడదని మా క్లబ్బులో ఏ నిర్ణయమైనా ఏకగ్రీవంగానే జరగాలి. ఎవరి ఓటు ఎవరికీ తెలియకూడదని చీటీల మీద రహస్య ఓటు. పై గడిలో టిక్కు పెడితే ఔను, కింది గడిలో పెడితే కాదు. కాదన్నదెవరని గానీ, ఎందుకు కాదన్నావని గానీ అడగకూడదు. అడగడం తప్పని మా నియమావళిలో ఆరో పేజీలో ఉంది.

మార్చిలో పొట్టేలు దగ్గర అందరూ ఒక మాట మీదకి వచ్చినట్టే కనిపించారు. వెడల్పు సరిపోయింది. కొమ్ములు అందం. నైజెల్ స్కేలు జేబులో పెట్టేసుకున్నాడు! ఓటు పెడితే పది ఔను, ఒకటి కాదు. తీర్మానం వీగిపోయింది.

మేమేం చేశాం? ఆ ఒక్కరి మనసు కష్టపెట్టకూడదని ఏప్రిల్లో అడవిపందికి ఓటు పెట్టాం. పది, ఒకటి. మేలో గాడిద. పది, ఒకటి. జూన్లో, పోనీ గుర్రమే పొట్టిది అన్నాం. పది, ఒకటి. ఆ పది మంది దేనికైనా ఔననే స్థితికి వచ్చేశారని మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ ఒక్కరిని మాత్రం ఏ జంతువూ మెప్పించలేకపోయింది. చీటీలు లెక్కపెట్టేది నేను కాబట్టి ఆ ఒక్కరెవరో నాకు తెలుసు. కానీ చెప్పను. రహస్య ఓటు రహస్యమే!

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఏప్రిల్లోనే ఒక శనివారం, టీ కప్పులు కడుగుతుండగా క్లిఫర్డ్ నా పక్కన నిలబడ్డాడు.

"బెర్నార్డూ, నీతో ఓ మాట నాయనా. నా కళ్లు పోతన్నాయి."

కప్పు పక్కన పెట్టేశాను.

"చుట్టూతా కనపడద్ది. నడిమిజ్జే మసక. నీ మొకం వైపు చూస్తే చెవులు రెండూ కనపడతన్నాయి, ముక్కు ఉండాల్సిన చోట పొగ. పొట్టేలు కొమ్ములో మెలికలుంటాయి చూడూ, అవి చెక్కాలంటే ఈ ఎండాకాలం దాటకూడదు. కాస్త తొందరగా తేల్చమను వాళ్లని."

"ఇవాళే చెప్తానుండు అందరికీ."

"నా కళ్ల సంగతి ఎత్తావంటే ఊరుకోను! జాలిపడి ఓటేస్తారు. నా బొమ్మలకి జాలి ఓట్లొద్దు. ఊరికే తొందరపెట్టు, అంతే."

తొందరపెట్టాను. "రౌతుదళం: త్వరపడవలసిన ఆవశ్యకత" అని అజెండాలో చేర్చాను. కొత్త అంశం చివర్లోనే చేర్చాలని నియమం. కాబట్టి అది తొమ్మిదోది అయింది. మా మీటింగు ఏనాడూ నాలుగో అంశం దాటలేదు. ఆ నాలుగోది టీ కెటిల్ మార్చాలా వద్దా అన్నది. ఎండాకాలం అయిపోయింది. కెటిల్ పాతదే.

పోయిన శనివారం క్లిఫర్డ్ ఒక పెద్ద ట్రే మీద గుడ్డ కప్పి తెచ్చాడు. బల్ల మీద పెట్టి గుడ్డ తీశాడు. నలభై మంది రౌతులూ కూర్చుని ఉన్నారు. గాలి మీద కాదు, కుర్చీల మీద! నలభై చిన్న చెక్క కుర్చీలు. ఒక్కొక్కటి పన్నెండు మిల్లీమీటర్ల వెడల్పు. వీరులందరూ కత్తులెత్తి, గడ్డాలు ముందుకు పెట్టి, అచ్చం మా కమిటీలా వరసగా కూర్చున్నారు.

ముందు నైజెల్ నవ్వాడు. తర్వాత అందరం నవ్వాం. బార్బరా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"క్లిఫర్డ్, మరి పొట్టేళ్లో?"

"పొట్టేలుకి కళ్లు కావాలమ్మా. కుర్చీకి వేళ్లు చాలు" అన్నాడు. దాని అర్థం నాకొక్కడికే తెలిసింది. మిగతా వాళ్లు దాన్ని కూడా జోకనుకున్నారు.

మరుగుజ్జు రౌతుదళం కుర్చీల మీదే యుద్ధానికి పోవాలని అప్పటికప్పుడు తీర్మానం పెట్టారు. చీటీలు పంచాను. లెక్కపెట్టాను. పది ఔను. ఒకటి కాదు!

ఆ చీటీ నా చేతిలో ఉంది. కింది గడిలో లావుపాటి నల్లటి టిక్కు. వడ్రంగి పెన్సిలుతో పెట్టినది. మా క్లబ్బులో వడ్రంగి పెన్సిలు వాడే మనిషి ఒక్కడే. మార్చి నుంచీ ప్రతి నెలా ఆ టిక్కు చూస్తూనే ఉన్నాను. ఈయనకి పొట్టేలు నచ్చలేదేమో, పంది నచ్చలేదేమో అనుకున్నాను. నియమం ప్రకారం అడగలేదు. కానీ తన కుర్చీలకి తనే వ్యతిరేకమా?

నైజెల్‌కి ఓపిక పోయింది. "ఎవడయ్యా అది! కుర్చీలకి కూడా కాదన్న మహానుభావుడెవడు? చెయ్యెత్తవయ్యా, చూస్తాం!"

"నైజెల్! ఆరో పేజీ!" అంది బార్బరా.

"మీ ఆరో పేజీ తగలెయ్య! నాకు తెలియాలి!"

"నేనైతే ఔననే పెట్టాను" అన్నాడు క్లిఫర్డ్ అందరికన్నా ముందు. "ప్రతిసారీ ఔననే పెడతన్నా. పొట్టేలుకి ఔనన్నా, గాడిదకి ఔనన్నా. ఏదో ఒకటి తేలితే చాలనుకున్నా."

టిక్కు మార్చి నుంచీ కింది గడిలోనే పడుతోందని చెప్పి, ఆ చీటీ తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. కాస్త పక్కకి తిప్పి, కంటి అంచుతో చూడబోయాడు. రెండు గడుల్లో ఏది పైదో ఆయనకి తెలియలేదు. చీటీ అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. మార్చిలో కాగితం ఆదా చేయాలని సైజు సగానికి తగ్గించింది నేనే. దానికి నన్ను అభినందిస్తూ తీర్మానం కూడా పెట్టారు. అదీ వీగిపోయింది లెండి. పది, ఒకటి.

"అంటే పొట్టేలుని ఓడగొట్టింది నేనేనా?" అన్నాడు క్లిఫర్డ్. తర్వాత ఆయనే పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. "ఓరి నాయనోయ్! నా పొట్టేళ్లని నేనే పొడిచి చంపుకున్నానురా!" మార్చిలో ఆయన కళ్లకి, ఇంట్లో భూతద్దం కింద, ఇంకా కొమ్ముల మెలికలు కనిపించేవి. నాకు చాలా సిగ్గేసింది. ఆయనకి క్షమాపణ చెప్పాను. ఆయన నా భుజం తట్టబోతే చెయ్యి కొంచెం పక్కకి పోయింది.

పాఠకులారా, క్లబ్బన్నాక క్రమశిక్షణ ఉండాలి. నియమాలకి విరుద్ధంగా కాదన్నదెవరని అడిగినందుకు నైజెల్ గ్రాటన్‌ని మందలిస్తూ బార్బరా వెంటనే తీర్మానం ప్రవేశపెట్టింది. ఆ ప్రశ్న ఏడు నెలల కిందే ఎవరో ఒకరు అడగాల్సిందని కూడా అదే తీర్మానంలో చేర్చింది. "చీటీలొద్దు, చేతులెత్తండి" అంది. పదకొండు చేతులూ లేచాయి. నైజెల్‌ది కూడా. మా క్లబ్బులో ఈ ఏడు నెలల్లో మొదటి ఏకగ్రీవ తీర్మానం ఇదే. అందరికన్నా ముందు లేచిన చెయ్యి క్లిఫర్డ్‌ది.