ఎముకల మందు ఎవరిచ్చారు?

ఆ మంగళవారం ఐలీ కోస్కెలా పెట్టుకున్న పని ఒక్కటే. తొమ్మిదింటికి పుచ్చుపన్ను పీకించుకుని, పదికల్లా ఇంటికొచ్చి పడుకోవడం. కెనడాలోని థండర్ బేలో పొద్దున్నుంచీ మంచు. భర్త వెయిక్కో కారు వేడెక్కించి కూర్చున్నాడు.

పళ్ళ డాక్టరు మార్లో కాగితాలు తిరగేసి ఆగింది. "ఎముకల మందు వాడుతున్నారని రాసుంది. అది వాడుతుండగా పన్ను పీకితే దవడ మానకపోవచ్చమ్మా. ఏ మందో, ఎన్నాళ్ళైందో ఇచ్చినవాళ్ళతో రాయించి పంపండి, పీకేస్తాను."

మందు పేరు ఐలీకి తెలియదు. నిరుడు ఆవిరిస్నానం చేసే సౌనా గది గుమ్మంలో జారి మణికట్టు విరిగినప్పుడు, ఎముకలు గట్టిపడటానికి ఏడాదికోసారి ఎక్కించే మందుందని సర్జన్ చెప్పాడు. ఆ రోజే చేతికి ఏదో ఎక్కించారు. అదే ఇదని నమ్మి, అడిగినవాళ్ళందరికీ చెప్పుకుంది. తుంటి విరిగి మంచం దిగకుండానే పోయిన అక్క హెల్మీ ఆమె కళ్ళ ముందు నుంచి కదలదు మరి.

వెయిక్కో కారు అటు నుంచటే సర్జన్ దగ్గరకి తిప్పాడు. అక్కడి నర్సు పాత కాగితం తీసి చూసింది. "ఆ రోజు ఎక్కించింది ఉత్త సెలైనమ్మా. మేం విరిగింది అతికిస్తాం. మందు ఫ్యామిలీ డాక్టర్ చూస్తారని రాసి పంపాం."

ఫ్యామిలీ డాక్టర్ తల ఊపాడు. "అందుకే మిమ్మల్ని హార్మోన్ల డాక్టరు దగ్గరకి పంపాను. ఆయన మొదలుపెట్టే ఉంటారు."

"సర్జన్ ఎక్కించేశారని మీరే చెప్పారుగా," అన్నాడు హార్మోన్ల డాక్టరు. "ఇంకొకరి వైద్యంలో నేను వేలు పెట్టనమ్మా."

"అడక్కపోతే పోయేది," అంది ఐలీ, వాచిన బుగ్గ పట్టుకుని.

"అడిగింది పళ్ళావిడ," అన్నాడు వెయిక్కో.

రెండింటికి మార్లో, ఆ మూడు చోట్ల నుంచీ వచ్చిన ఫాక్సులు బల్ల మీద పరిచింది. "శుభం. మీరు ఏ మందూ వాడట్లేదు. నోరు తెరవండి."

పన్ను ఊడింది. నొప్పి పోయింది కానీ, నోట్లో దూదితోనే ఐలీకి ఏడుపొచ్చింది. ఏడాదిగా ఆమె తుంటిని దేవుడొక్కడే చూసుకున్నాడు. మార్లో ఆమె చెయ్యి పట్టుకుని, ముగ్గురికీ ఒకే ఉత్తరం పంపింది. చిగురు మానాక ఈవిడకి ఎవరో ఒకరు మందివ్వాలని.

చిగురు మానిన శుక్రవారం, మందుల షాపు నుంచి ఫోన్. "చీటీలు మూడొచ్చాయమ్మా. ఒకరు వారానికో మాత్ర రాశారు, ఒకరు ఆర్నెల్లకో సూది, ఇంకొకరు ఏడాదికోసారి ఎక్కించేది. మూడూ కలిపి వాడకూడదు. ఏదివ్వమంటారు?"

"ముగ్గురినీ అడిగి తేల్చు నాయనా."

అతను అడిగాడు. మిగతా ఇద్దరు చూసుకుంటున్నారని తెలియగానే ఎవరికి వారు మర్యాదగా తప్పుకున్నారు. రద్దు కాగితాలు ఒకటొకటిగా షాపు ఫాక్సులోకి రావడం మొదలైంది. సూది రద్దయింది. ఎక్కించే మందు రద్దయింది.

మూడోది వచ్చే వేళకి ఫాక్సులో కాగితం అయిపోయింది కనక, ఐలీ సోమవారం మాత్ర వేసుకుంది.