ఆవులప్ప మందుకొలతల మహాసమరము

స్వస్తి! బేతమంగళ చెరువునీటిపై కార్తీకమాసపు టెండ తళతళలాడుచుండ, కె.జి.ఎఫ్. బస్సు హారను శంఖారావమై దిక్కులు పిక్కటిల్ల మ్రోగుచుండ, రాగికంకులు బరువెక్కి తలలు వాల్చిన శుభవేళ, వరాహయూథభయంకరుడు, లైసెన్సు నాటుతుపాకీధరుడు, రైతుకులతిలకుడు నగు ఆవులప్ప తన యింటి యరుగుపై యుద్ధసన్నద్ధుడై కూర్చుండెను. నవ్వకుడయ్యా, మహావీరునకు పెద్ద కష్టమే వచ్చినది!

మొన్న చేనికడ తుపాకిలో మందు కాస్త ఎక్కువయ్యెను. పేల్చినంతనే పందులు పరుగుతీసినవి సరే, ఆవులప్పయు వెల్లకిలా పోయి పేడకుప్పలో పడెను. అది కన్నులార చూచిన ధర్మపత్ని అక్కయమ్మ ఉగ్రరూపిణియై, రాగులచేట ముందు పెట్టి శాసించెను:

"ఇదో, ఇంగ నా మాట విను. మందు ఇంట్లోకి తెచ్చేది లేదు, ఈ రాగులే కొలిచి చూపించు. రెండుతూర్లు ఒకే మాదిరి వస్తే తుపాకి ఇంట్లో ఉంటాది. రాకుంటే రేపే స్టేషన్లో ఇచ్చేసి వచ్చేస్తాం."

తండ్రి చేతిమీదుగా వచ్చిన తుపాకి! ఆవులప్ప రాగులచేటను తనవైపునకు లాగుకొనెను.

ఆండర్సన్‌పేట మార్కెట్టునుండి తెచ్చిన కొలత సాధనములలో మొదట డిజిటల్ త్రాసు రంగమున దిగెను. గాలి వీచిన అంకె మారును, దూడ ఊపిరి తగిలిన అంకె మారును. చేనిగాలికి ఇది యెక్కడ నిలుచును? అక్కయమ్మ దానిని వంటింట పెట్టి తలుపు మూసి, కొలిచిన రాగులను తూచి తీర్పు చెప్పు పనికి నియమించెను.

పిమ్మట దగ్గుమందు సీసామూత. అయ్యో, ఇక్కడనే వీరుడు చిత్తయ్యెను! ఇరుగుపొరుగునకు రాగులు కొలిచిన ప్రతిసారి గోపురము కట్టి, పైన చిటికెడు కొసరు వేసిన చేయి అది. అంచుకడ ఆగుట దానికి తెలియదు. కొలిచిన రెండుమార్లును గోపురము లేచెను, కొసరు పడెను, తూకము తప్పెను.

"చూస్తివా? మందూ ఇట్లే పోసినావు!" అని అక్కయమ్మ గర్జించెను. "కడపటి తూరి చూస్తా. ఇంగ నీ ఇష్టం."

మిగిలినది తుపాకిమందు కొలుచు ఇత్తడిగొట్టము. దాని మూత ప్రక్కకు తిరిగి, అంచు దాటిన గింజనెల్ల ఖండించి పారవేయును. ఆవులప్ప దానిని నింపి, తన కుడిచేతినే సంబోధించి ఇట్లు పలికెను:

"ఓ నా చెయ్యీ! ఊరందరికీ నిండా కొలిచినావు, ఎవురికీ తక్కువ చెయ్యలేదు. ఈ ఒక్కతూరి పిసినారిగా ఉండప్పా! ఇది చుట్టాలకి పోసే రాగులు కాదు, పందికి పోసే మందు!"

మూత తిరిగెను, గోపురము కూలెను. కూలిన మరుక్షణమే వ్రేళ్లు కొసరుకై చేటలోనికి దూకగా, ఎడమచేయి కుడిచేతి మణికట్టును ఒడిసిపట్టెను. ఉభయహస్తములకు ఘోరసంగ్రామము! కుడిచేయి లొంగెను. మరల కొలిచెను, మరల లొంగెను.

అక్కయమ్మ ఆ రెండు కొలతలను తూచి వంటింటినుండి వెలుపలికి వచ్చి, "రెండూ సమంగానే ఉండాయి. ఉండనీలే తుపాకి" అనెను.

జయము! జయము! పంది రాలేదు, గుండు ప్రేలలేదు; ఐనను పుట్టి బుద్ధెరిగిన నాటినుండి తొలిసారిగా ఆవులప్ప కొసరు వేయక చేయి వెనుకకు తీసికొనెను!