ఉత్తరించు స్థలంలో రెండు సెంట్లు

నవంబరు 3, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు గంటలకు రేవులపాలెం మండల సర్వేయరు కోగంటి మురళీధర్ ఉత్తరించు స్థలాన్ని కొలిచి తిరిగి వచ్చారు. భోజనం చేసి, చేతులు తుడుచుకుని నివేదిక రాశారు. నాలుగేళ్ల కిందట చనిపోయిన కొండేపోగు ఇన్నాసి అక్కడ రెండు సెంట్ల జాగాలో ఉంటున్నట్టు నమోదు చేశారు.

ఉత్తరించు స్థలం కథోలికుల మాట. పరలోకానికి అర్హత ఉండి, తీరని దోషం కొంత మిగిలిపోయిన ఆత్మలు అది తీరేదాకా ఉండే చోటు. బతికున్నవాళ్లు ప్రార్థిస్తే వాళ్లు త్వరగా బయటపడతారని నమ్మకం. రెవెన్యూ శాఖకు ఈ మాట అక్టోబరులో తెలిసింది.

ఇన్నాసి భార్య లూర్దమ్మ ఇంటి స్థలానికి దరఖాస్తు పెట్టింది. ఆమె కాలువ గట్టు మీద రేకుల పాకలో ఉంటుంది. కాలువ వెడల్పు చేసే పని వచ్చింది. నవంబరు నెలాఖరుకు గట్టు ఖాళీ చేయాలని నోటీసు ఇచ్చారు. కొత్త లేఅవుటులో స్థలం రావాలంటే భార్యకు గానీ భర్తకు గానీ ఎక్కడా స్థలం ఉండకూడదు. ఆ సంగతి తేల్చడానికి వీఆర్వో సుబ్బారాయుడు పాక దగ్గరకు వెళ్లారు. ఆయన ఈ ఊరికి బదిలీ మీద కొత్తగా వచ్చారు.

"మీ ఆయనేడమ్మా?" అని అడిగారు.

"ఉత్తరించు స్థలంలో ఉన్నాడయ్యా."

"ఎన్ని సెంట్లు?"

"నాకేం తెలుసు? దేవుడు చోటిచ్చాడు, ఉన్నాడు."

వీఆర్వో రాసుకున్నారు. భర్త పేరిట స్థలం కలదు. మంజూరు చేసినవారు: దేవుడు. విస్తీర్ణం: తెలియదు. విస్తీర్ణం తెలియనందున తహసీల్దారు కందిమళ్ల పద్మజ సర్వేకు ఆదేశించారు. సమాధుల తోట వెనక డొంక పట్టుకుని పోవచ్చని, బండి మాత్రం పోదని సర్వేయరు తర్వాత చెప్పారు. తూర్పు హద్దు పరలోక రాజ్యం. పడమర సమాధుల తోట. ఉత్తరాన ఖాళీ. దక్షిణపు రాయి దొరకలేదు.

నివేదిక ఇచ్చిన రోజు సాయంత్రం లూర్దమ్మ ఆఫీసు వరండాలో సర్వేయరును పట్టుకుంది.

"ఆయన కనపడ్డాడా సార్?"

"కనపడ్డాడు. టేపు రెండో కొస ఆయనే పట్టుకున్నాడు. మా చైన్‌మన్ రాలేదుగా."

"ఎట్టా ఉన్నాడు?"

"పని బాగా చేశాడు."

"నన్నేమన్నా అడిగాడా?"

"మూల రేకు కారతందా, మార్పించిందా అని అడిగాడు. నేను సర్వే వరకేనయ్యా అని చెప్పా."

లూర్దమ్మ రేకు మార్పించలేదు.

మరుసటి వారం తహసీల్దారు విచారణ పెట్టారు. విచారణ గురువు ఫాదర్ బాలశౌరికి కూడా నోటీసు వెళ్లింది. కథోలికులు తమ చర్చి పరిధిని విచారణ అంటారు. దాన్ని చూసుకునే ఫాదరు విచారణ గురువు. అటెండరు ఆ హోదా చదివి, ఈయనే విచారణ చేయడానికి వచ్చారనుకుని తహసీల్దారు పక్కన కుర్చీ వేశాడు. తహసీల్దారు వచ్చాక కుర్చీని ఎదుటికి మార్చారు.

"మేడమ్, అది స్థలం కాదండి, ఒక స్థితి" అని ఫాదర్ మొదలుపెట్టారు. "ఆత్మ శుద్ధి పొందే స్థితి. సెంట్లు, హద్దులు ఉండవు."

"పేరులోనే స్థలం ఉంది కదండీ."

"పాతకాలపు అనువాదం అది."

"అయితే పేరు మార్పించుకోండి. మార్చేదాకా రికార్డులో ఉన్నదే నడుస్తుంది." తహసీల్దారు కాగితం తిప్పారు. "పూజలో అప్పం చూపించి, ఇది గుర్తు కాదు, నిజంగా ఆయన శరీరమే అంటారు మీరు. అవునా?"

"అవునండి. మా విశ్వాసం అది."

"అప్పం దగ్గర గుర్తు కాదంటారు. స్థలం దగ్గరకొచ్చేసరికి స్థలం కాదంటారు. మేం దేన్ని రాసుకోవాలి?"

ఫాదర్ ఇరవై రెండేళ్లుగా గురువు. ఈ ప్రశ్న ఈ వరసలో ఇంతవరకు ఎవరూ అడగలేదని తర్వాత చెప్పారు.

తహసీల్దారు ఇంకో దారి చూపించారు. ఇన్నాసి పరలోకం చేరిపోయి ఉంటే ఆ రెండు సెంట్లు ఖాళీ అయినట్టే. పరలోక రాజ్యం వేరే రాజ్యం కనుక అక్కడి ఆస్తి లెక్కలోకి రాదు. చేరినట్టు ఫాదర్ ధ్రువపత్రం ఇస్తే లూర్దమ్మకు ఈ రోజే స్థలం రాయవచ్చు.

"అలా ఇవ్వడం నా చేతిలో లేదండి" అన్నారు ఫాదర్. "ఫలానా ఆత్మ పరలోకంలో ఉందని తేల్చేది రోము. అది కూడా పునీతుల విషయంలోనే. మామూలుగా రెండు అద్భుతాలు జరిగాయని రుజువు కావాలి."

"మీ ఆయన అద్భుతం ఏదన్నా చేశాడా?" అని తహసీల్దారు లూర్దమ్మను అడిగారు.

"తాగుడు మానేశాడు మేడమ్."

"అది ఒకటి. ఇంకొకటి?"

"మళ్లీ మొదలుపెట్టాడు."

వీఆర్వో సుబ్బారాయుడు నవ్వి, దగ్గు కింద మార్చుకున్నారు. చనిపోయే ముందు ఇన్నాసి ఫాదరుకు తన పాపాలు చెప్పుకున్నాడు కదా, అవి ఎలాంటివో చెబితే ఇంకా ఎంతకాలం అక్కడుంటాడో అంచనా వేయవచ్చని ఆయన సూచించారు. పాపసంకీర్తనంలో విన్నది ప్రాణం పోయినా చెప్పకూడదని ఫాదర్ అన్నారు.

"సమాచార హక్కు కింద అడిగితే?"

"అప్పుడూ చెప్పను."

"పోనీ, మరియమ్మ గారికి చెప్పుకోండి. ఆమెను కొలుస్తారుగా."

"కొలవడం కాదండీ. మా కోసం ప్రార్థించమని ఆ తల్లిని అడుగుతాం. సిఫారసు లాంటిది."

"అంత సిఫారసు ఉండి రెండు సెంట్లేనా!" అన్నారు వీఆర్వో.

విచారణ వాయిదా పడింది. లేఅవుటులో అప్పటికి మూడు స్థలాలు మిగిలాయి.

లూర్దమ్మ పక్క పాకలో ఉండే సలోమికి అదే వారం స్థలం వచ్చింది. సలోమి భర్త కూడా చనిపోయాడు. సలోమి ఏడాదిగా పాస్టరు గారి ప్రార్థన మందిరానికి పోతోంది. వాళ్ల సంఘంలో ఉత్తరించు స్థలం లేదు.

"మా దాంట్లో మనిషి చస్తే అటో ఇటో, మధ్యలో ఆగేది లేదు" అంది సలోమి, మంచం బండిలోకి ఎక్కిస్తూ. "నువ్వూ ఓ సంతకం పడెయ్ వదినా. ఫాదరుతో పాటు గట్టు మీదే కూసుంటావా?"

ఆ సంతకం పెట్టాల్సిన అఫిడవిట్‌ను వీఆర్వో మర్నాడు తెచ్చారు. ఉత్తరించు స్థలం అనేది లేదని, చనిపోయిన తన భర్త కోసం ఇకమీదట ప్రార్థించనని, పూజ పెట్టించనని అందులో ఉంది. లూర్దమ్మకు చదవడం రాదు. వీఆర్వో చదివి వినిపించారు. ఆమె రెండోసారి చదివించుకుంది.

"ఇది పెడితే ఆయన ఎక్కడికి పోతాడయ్యా?"

"ఎక్కడికీ పోడు. స్థలం క్యాన్సిల్ అవుద్ది, అంతే."

"మరి ఎక్కడుంటాడు?"

"అది మా పరిధిలోది కాదమ్మా."

"బతికినన్నాళ్లూ ఆయనకి సొంత చోటు లేదు. సచ్చినాక రెండు సెంట్లు వచ్చినయి. అయ్యి కూడా నా చేత్తోనే పీకెయ్యమంటావా?"

"నీ కోసమేనమ్మా చెప్పేది. నెలాఖరుకి కాలువ తవ్వే మిషన్ వస్తది. దానికి నీ మొగుడు తెలవదు, నువ్వు తెలవదు."

ఆమె కాగితం తిరిగి ఇచ్చేసింది. వీఆర్వో దాన్ని మడవకుండా సంచిలో పెట్టుకున్నారు, వేరేవాళ్లకు పనికొస్తుందని.

నవంబరు 20న లూర్దమ్మ తనే ఆఫీసుకు వెళ్లింది. "ఆయన స్థలం ఆయనకుందిలే మేడమ్. నేను దాంట్లో లేనుగా. ఆయన అక్కడ, నేను ఇక్కడ. నాకు తల దాచుకోను చోటు కావాల" అంది. తహసీల్దారు నిబంధనలు తిరగేశారు. ఉన్న స్థలం నివాసానికి ఐదు కిలోమీటర్లకు మించి దూరంలో ఉంటే లెక్కలోకి తీసుకోనక్కర్లేదని ఒకటి కనిపించింది. దూరం కొలవాలని అక్కడికక్కడే రాసి ఇచ్చారు. లేఅవుటులో ఒక స్థలం మిగిలింది. కొలత తేలేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వవద్దని కూడా రాశారు.

మర్నాడు ఉదయం సర్వేయరు మురళీధర్ గట్టు మీదకు వచ్చారు. లూర్దమ్మ పాక ముందు జపమాల పట్టుకుని నిలబడింది. ఐదు కిలోమీటర్లు దాటాలని ఆమె ప్రార్థిస్తోంది. ఫాదర్ బాలశౌరి స్కూటరు కాలువ అవతల ఆపి, వంతెన మీద నిలబడ్డారు. సర్వేయరు ఈసారి దక్షిణపు రాయి వెతుక్కుంటూ సమాధుల తోట నుంచి గట్టు వైపు వచ్చారు. రాయి లూర్దమ్మ పాక దాటాక, పొయ్యి పక్కన దొరికింది. నాలుగేళ్లుగా ఆమె దాని మీద గిన్నెలు బోర్లిస్తోంది.

సర్వేయరు టేపు విప్పలేదు. హద్దు సరిచూసుకోవడానికి ఆయన ఫాదర్‌ను పిలిచి, ఉత్తరించు స్థలానికి గుర్తులేమిటని అడిగారు. ఫాదర్ చెప్పారు. అక్కడున్నవాళ్లకు అర్హత ఉంటుంది. ఎప్పుడు బయటపడతారో తేదీ ఉండదు. తమ కోసం తాము ఏమీ చేసుకోలేరు. బయటివాళ్లు ఎవరైనా వాళ్ల తరఫున చెబితే పని కదులుతుంది.

సర్వేయరు ఒక్కొక్కటి లూర్దమ్మను అడిగారు. అర్హత ఉందా అంటే ఉందన్నారంది. తేదీ చెప్పారా అంటే లేదంది. నీ అంతట నువ్వు ఏమన్నా చేసుకోగలిగావా అంటే తల అడ్డంగా ఊపింది. నాలుగోది ఆయన అడగలేదు. అప్పటికే రాసేసుకున్నారు.

దూరం సున్నా అని నివేదిక వచ్చింది. గట్టు మీద మిగిలిన పాకలన్నీ ఉత్తరించు స్థలం పరిధిలోకి వస్తాయని తేలింది. దరఖాస్తుదారు తన భర్త స్థలంలోనే నివసిస్తున్నందున దరఖాస్తు మూసివేశారు. భర్తతో ఒకే స్థలంలో ఉన్నందున వితంతు పింఛను కూడా ఆగింది.

"ఆయన నాకెందుకు కనపట్టం లేదు సార్, ఒకే చోట ఉంటే?" అని లూర్దమ్మ సర్వేయరును అడిగింది.

"సబ్ డివిజన్ అవ్వలేదమ్మా ఇంకా" అన్నారు ఆయన.

ఆ ఆదివారం లూర్దమ్మ ఎప్పటిలాగే పూజకు వెళ్లింది. దివ్యసత్ప్రసాదం కోసం వరసలో నిలబడింది. ఆమె వంతు వచ్చింది. ఫాదర్ బాలశౌరి చేతిలో అప్పం ఉంది. అప్పం ఇవ్వడం లాంటి సంస్కారాలు బతికున్నవారికి మాత్రమే, రికార్డులో ఆమె ఉత్తరించు స్థలంలో ఉంది. వెనక వరస ఆగింది. కోయిరు పాట అయిపోయి, మళ్లీ మొదటి చరణం ఎత్తుకున్నారు. ఫాదర్ అప్పాన్ని గిన్నెలో పెట్టి, ఆమె నుదుటి మీద సిలువ గుర్తు వేసి పంపారు. ఏం చేయాలో చెప్పమని బిషపు గారి మేత్రాసనానికి రాశానని, జవాబు రాగానే ఇస్తానని పూజ తర్వాత ఆమెకు చెప్పారు.

"మరి నా కోసం నేను ప్రార్థన చేసుకోవచ్చా ఫాదర్?"

"ఉత్తరించు ఆత్మలు తమ కోసం చేసుకోలేవమ్మా. మనుషుల కోసం మాత్రం చేయగలవు అంటారు. దేవుడు వాళ్ల మాట తొందరగా వింటాడని మన పెద్దల నమ్మకం."

ఈ సంగతి రెండు రోజుల్లో ఊరంతా తెలిసింది. మొదట పాల కేంద్రం ఆయన వచ్చాడు, కొడుకు పరీక్ష కోసం. తర్వాత ఆఫీసు అటెండరు, మోకాలి నొప్పికి. కథోలికులు కానివాళ్లే ఎక్కువ వచ్చారు. కొవ్వొత్తి తెచ్చి, పాక ముందు వెలిగించి, పని చెప్పి వెళ్లేవారు. లూర్దమ్మ అందరికీ ప్రార్థించింది. పరీక్ష పాసయ్యాడు. మోకాలు తగ్గింది.

నవంబరు 30న మిషన్ వచ్చింది. ఆత్మలకు పైకప్పు ఉండాలని నిబంధన ఏదీ లేనందున రేకులు, వాసాలు తీసేశారు. ఉన్నవాళ్లను మాత్రం కదిలించలేదు. ఉత్తరించు స్థలం నుంచి ఎవరినైనా పంపించే అధికారం నీటిపారుదల శాఖకు లేదు. కాలువ పని ఆమె కూర్చున్న చోటు వదిలి ముందుకు పోయింది.

డిసెంబరు మొదటి వారంలో వీఆర్వో సుబ్బారాయుడు గట్టు మీదకు వచ్చారు. వాన పడుతోంది. లూర్దమ్మ తల మీద ఎరువుల సంచి కప్పుకుని ఉంది. ఆయన గొడుగు కింద కొవ్వొత్తి వెలిగించాలని చూశారు. వెలగలేదు.

"లేఅవుటులో ఒక స్థలం ఉండిపోయిందమ్మా" అన్నారు. "మా మరదలు దరఖాస్తు పెట్టుకుంది. పైన ఇంకెవరో చెప్పిస్తన్నారంట. నువ్వు ఓ మాట చెప్పాల."

"నాకిస్తామన్న స్థలమేనా అయ్యా?"

"అదే. నీది క్లోజ్ అయిందిగా."

"మీ మరదలికి ఇల్లు లేదా?"

"ఉందిలే. అయ్యన్నీ ఇప్పుడెందుకు? అడిగినోళ్లకి కాదనకూడదంటగా మీ దాంట్లో."

"మీ మరదలి పేరేంటి?"

"నాగమల్లేశ్వరి."

లూర్దమ్మ బురదలో మోకరించి, సిలువ గుర్తు వేసుకుని ప్రార్థించింది. వీఆర్వో ఆమె లేచేదాకా గొడుగు ఆమె మీదకు వంచి పట్టుకున్నారు. తర్వాత గొడుగుతో వెళ్లిపోయారు.

గురువారం ఉదయం పదకొండు గంటలకు లేఅవుటులో చివరి స్థలం నాగమల్లేశ్వరి పేరిట మంజూరైంది.