దేవుడి బల్ల మీద మునక వరి

ఆ ఆదివారం కృపానందం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పొద్దున్నే భవానీపురంలో ఇల్లు వదలాలి. బందరు బస్సెక్కి పామర్రులో దిగాలి. పక్క పల్లె చర్చిలో రైతులకు కాసేపు ప్రసంగం చేయాలి. మధ్యాహ్నం మళ్లీ బస్సెక్కి బందరు చేరి, చేతిసంచిలోని వడ్లను అక్కడి ప్రయోగ క్షేత్రంలో అప్పగించాలి.

అవి మామూలు వడ్లు కావు. వరదలో తల మునిగినా వారం పైన బతికే వరి కోసం కృపానందం పరిశోధన కేంద్రంలో ఏళ్ల తరబడి తంటాలు పడ్డాడు. వందల రకాలు కుళ్లిపోయాక ఒక్కటి నిలిచింది. దాని గింజల్లో సగం కేంద్రం గోదాములో ఎలుకలు తిన్నాయి. ప్రపంచంలో ఆ రకం మిగిలింది ఆ సంచెడే. అందుకే డైరెక్టరు గారు దాన్ని ఎవరి చేతా పంపకుండా కృపానందాన్నే మోసుకెళ్లమన్నారు.

బస్సులో పక్క సీట్లో కొండలయ్య ఉన్నాడు. వాతావరణ శాఖలో పనిచేస్తాడు. ఉపగ్రహాలు పంపే మేఘాల ఫొటోల గురించి అదే చర్చిలో ఆయనా మాట్లాడాలి.

"రైతులకి ఏం చెప్పబోతున్నారు సార్?" అన్నాడు కొండలయ్య.

"ఉన్నదున్నట్టు చెప్తానండీ. ఇంకా పరీక్షలు కాలేదు, దిగుబడి తక్కువ, తొందరపడొద్దు అని."

"ఉన్నదున్నట్టు చెప్తే ఎవరు వింటారండీ? మా నాన్న సముద్రం మీద వేటకెళ్లేవాడు. ఇవాళ గాలుండదు, వేటకెళ్లు నాన్నా అని నేనంటే, వల మడిచి ఇంట్లో కూర్చునేవాడు."

ఆ పల్లెలో కృపానందానికి పిన్ని ఉంది, సంపూర్ణమ్మ. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. కాళ్లు కడుక్కుంటూ అతను సంచి ఆవిడ చేతికిచ్చాడు.

"జాగ్రత్త పిన్నీ. ఇన్నేళ్ల కష్టానికి నా మొదటి పంట ఇది."

సంపూర్ణమ్మ కళ్లు చెమర్చాయి. ఆ రోజు చర్చిలో కోతపండుగ. పొలంలో పండినా పెరట్లో కాసినా, మొదటిది దేవుడికి తెచ్చి బల్ల మీద పెట్టాలి. పుట్టినప్పటినుంచీ ఆవిడ చూస్తున్నది అదే. మొదటి పంటను జాగ్రత్త పెట్టడానికి ఆవిడకు తెలిసిన చోటు కూడా అదొక్కటే.

ప్రసంగాలు బాగానే సాగాయి. వాన పడటానికి నూటికి అరవై పాళ్లు అవకాశం ఉందని ఎలా లెక్కకడతారో కొండలయ్య ఓపిగ్గా వివరించాడు. వెనకనుంచి ఎవరో, "అదంతా సరేనండీ, ఇంతకీ పడుద్దా పడదా?" అన్నారు. కృపానందం మునక వరి గురించి చెప్పి, అనుమానాలుంటే అడగమన్నాడు. డాక్టరు గారని పిలిచారు కాబట్టి ఒకాయన తన మోకాలి నొప్పి గురించి అడిగాడు.

తర్వాత వేలం మొదలైంది. బల్ల మీది కానుకలను పాటకు పెట్టి, వచ్చిన సొమ్ము చర్చి పనులకు వాడటం అక్కడి ఆనవాయితీ. వేలం వేసేది సంఘ పెద్ద ఇశ్రాయేలు. గుమ్మడికాయలు పోయాయి. అరటి గెలలు పోయాయి. కాళ్లు కట్టిన కోడిపుంజు గోల చేస్తూ పోయింది. ఆ తర్వాత ఇశ్రాయేలు ఒక గుడ్డసంచి పైకెత్తాడు.

"మన సంపూర్ణమ్మ గారి బాబు, డాక్టరు కృపానందం గారు తమ తల్లి పేరున ఇచ్చిన మొదటి పంట."

కృపానందం బల్ల దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లాడు.

"పెద్దయ్యా, అది పొరపాటున వచ్చింది. అది గవర్నమెంటు విత్తనం. ఇచ్చేయండి."

"బల్ల మీద పెట్టింది వెనక్కి తీసుకోకూడదు నాయనా. పాడుకో, ఎవరొద్దన్నారు?"

ముందు వరసలో సంపూర్ణమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆవిడ భుజం నిమురుతున్నారు. ఆ సమయంలో నువ్వు చేసింది తప్పు అని చెప్పడం కృపానందం వల్ల కాలేదు. పాట మొదలుపెట్టాడు.

స్తంభం వెనక కూర్చున్న కొండలయ్యకు సంచి కనిపించింది, కృపానందం కనిపించలేదు. మిత్రుడి కష్టం ఎవరి పాలో పడుతోందని ఆయన కంగారుపడి పాట పెంచాడు. ఎవరో పోటీకి వచ్చారని కృపానందం ఇంకా పెంచాడు. ఇద్దరూ కలిసి సంచి వెలను గుమ్మడికాయ దాటించి, కోడిపుంజు దాటించి, మేక దాకా తీసుకెళ్లాక ఒకరినొకరు చూసుకున్నారు. అప్పటికే ఆలస్యమైంది. బెజవాడనుంచి వచ్చిన ఇద్దరు ఆఫీసర్లు ఒక సంచెడు వడ్ల కోసం కొట్టుకుంటున్నారని చర్చి అంతా పాకిపోయింది. లాజరు అనే మోతుబరి రైతు పాటలోకి దిగాడు.

ఇక నిజం చెప్పడం ఒక్కటే మార్గమని కృపానందానికి తోచింది.

"అయ్యా, వినండి. ఆ గింజ లావు. అన్నం ముద్దవుతుంది. దిగుబడి తక్కువ. తెగులు తట్టుకోదు. వరద రాకపోతే దానివల్ల ఏ లాభమూ లేదు."

"అంత పనికిమాలిన గింజని తమరెందుకండీ పాడటం?" అన్నాడు లాజరు.

దానికి సైన్సులో ఉన్న జవాబు చెప్పడానికి ఒక పూట పడుతుంది. కృపానందం ఒక్కో లోపం బయటపెట్టినప్పుడల్లా పాట పెరిగింది. పాడిగేదె వెల దగ్గర సంచి లాజరుదైంది.

కృపానందం అతని చేతులు పట్టుకున్నాడు. "లాజరు గారూ, అది నా ఒక్కడిదైతే వదిలేసేవాణ్ణి. రైతులందరిదీ. మీరొక్కరే ఉంచుకోవటం న్యాయం కాదు."

లాజరు ఆలోచించాడు. మొండివాడే గాని చెడ్డవాడు కాదు. "నిజమేనండీ," అని బల్ల ముందు నిలబడి సంచి విప్పాడు. "ఇది మనందరిదీ అంటున్నారు డాక్టరు గారు. ఇంటికో గుప్పెడు తీసుకోండి."

కొంగుల్లో, రుమాళ్లలో, టోపీల్లో ఆ రకం వరి మొత్తం ఊళ్లోకి వెళ్లిపోయింది. పాస్టరు గారు ప్రార్థన చేశారు. కృపానందం తప్ప అందరూ ఆమెన్ అన్నారు.

డైరెక్టరు గారు మొత్తం విన్నారు. "గింజలు తీసుకురండి. లేకపోతే రాజీనామా తీసుకురండి," అన్నారు.

కృపానందం ఇంటింటికీ తిరిగాడు. కాఫీలిచ్చారు, మజ్జిగలిచ్చారు, గింజలివ్వలేదు. దేవుడి గింజను ఎవరూ వండుకోరు, తిరిగి ఇవ్వరు, వానాకాలం సార్వాలో విత్తుతారని పిన్ని చెప్పింది. రాజీనామా రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. సార్వా చూసి ఇస్తానని డైరెక్టరు గారిని బతిమాలుకున్నాడు.

ఆగస్టులో మురుగుకాలవలు పొంగి పొలాలు మునిగాయి. తొమ్మిది రోజులకు నీళ్లు తీశాక కృపానందం గట్ల వెంట నడిచాడు. ఎటు చూసినా కుళ్లిన వరి. ఆ మధ్యలో, ఒక్కో చేలో ఒక్కో మూల, దుప్పటంత పచ్చదనం. అన్ని చోట్లా బతకలేదు. ఉప్పునేలలో చచ్చింది. సంపూర్ణమ్మ చేలో కూడా చచ్చింది, ఆవిడ ప్రేమకొద్దీ యూరియా గుప్పించింది. బతికినచోటా చచ్చినచోటా అతను ఒకేలా వంగి చూశాడు. ఇన్ని రకాల నేలల్లో, ఇందరి చేతుల్లో ఒక గింజను పరీక్షించడం అతని కేంద్రానికి పదేళ్ల పని. నోటుబుక్కు తీసి ఒక్కో చేను లెక్క రాసుకోవడం మొదలుపెట్టాడు.

రాజీనామా డైరెక్టరు గారే చింపేశారు. మరుసటి ఏడు హైదరాబాదు సభకు కృపానందాన్ని పంపారు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఫలితాలు చూసి లేచి నిలబడ్డారు. ఇంత చక్కగా, ఎవరి పక్షపాతమూ లేకుండా రైతులను ఎలా ఎంచారో చెప్పమన్నారు.

కృపానందం ఉన్నదున్నట్టు చెప్పాడు. పిన్ని, బల్ల, వేలం, లాజరు.

హాలంతా నవ్వింది. తర్వాత అచ్చయిన సభా వివరాల్లో, అతని ప్రసంగం కింద, పద్ధతిని వెల్లడించడానికి వక్త ఇష్టపడలేదని రాశారు.