చింతపువ్వు అంచుకు సినిమా యోగం

సినిమాలు మన సంస్కృతిని పాడు చేస్తున్నాయని గోల పెట్టే పెద్దమనుషులారా, కాస్త ఆగండి! సినిమాయే లేకపోతే మన సంస్కృతి ఈపాటికి పెట్టె అడుగున చెదలు పట్టిపోయేది. నమ్మరా? అయితే పెడన నేతగాడు భావనారాయణ సంగతి వినండి.

అతని తల్లి వెంకటరావమ్మ తన పెళ్లిచీరకి తానే కల్పించి నేసుకున్న చింతపువ్వు అంచు ఒకటుంది. ఆ అంచంటే భావనారాయణకి ప్రాణం. అదే అంచుతో చీరలు నేసి, మూటగట్టి, బస్సెక్కి బెజవాడ షాపుకి తెచ్చాడు. షాపు యజమాని రామకోటేశ్వరరావు మూట విప్పనైనా లేదు.

"ఏ సినిమా చీరయ్యా ఇది?"

"సినిమా కాదండీ, మా అమ్మ..."

"మీ అమ్మ ఎవరిక్కావాలయ్యా! ఆడాళ్లు లోపలికి అడుగెట్టగానే సినిమా పేరు అడుగుతున్నారు. పేరున్న చీరైతే తీసుకురా, లేకపోతే ఇక రామాకు."

భావనారాయణ మూట మళ్లీ చంకన పెట్టుకున్నాడు. ఈ షాపు కాదంటే తల్లి అంచు మగ్గం దిగిపోయినట్టే. ఎదురుగోడ మీద రాబోయే సినిమా పోస్టరు కనబడింది. "అందులో హీరోయిన్ కట్టిందండీ, రెండో పాటలో!" అనేశాడు. అబద్ధం! శుద్ధ అబద్ధం! అయినా ఎంత శుభప్రదమైన అబద్ధం!

చీరలు వారం తిరక్కుండా అమ్ముడైపోయాయి. సినిమా వచ్చింది. రెండో పాటలో హీరోయిన్ ప్యాంటూ షర్టూ వేసుకుంది. అయితేనేం? బెజవాడ పటమట ఆడవాళ్లు మూడేసి సార్లు చూసొచ్చి, ఆ అంచు కళ్లారా చూశామని ఒట్టేసి మరీ చెప్పారు. ఇంతటి కళాదృష్టి ఏ కాలేజీ నేర్పుతుందండీ?

ఆ ఎండాకాలం రామకోటేశ్వరరావు కూతురి పెళ్లి. వెంకటరావమ్మ ముచ్చటపడి తన పెళ్లిచీర కట్టుకుని కొడుకుతో వచ్చింది.

"ఈ వయసులో సినిమా చీరేంటండీ మామ్మగారూ!" అని నవ్వింది పెళ్లికూతురి పిన్ని సుబ్బరత్నం.

"సినిమా ఏంటి తల్లీ? ఇది నా పెళ్లిచీర. ఈ అంచు నేను పుట్టించిందే."

"ఊరుకోండి! మేం సినిమా చూళ్లేదేంటి?"

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. వెంకటరావమ్మ మొహం ఎర్రబడింది. "నువ్వైనా చెప్పరా నాయనా" అంది కొడుకుతో.

పక్కనే రామకోటేశ్వరరావు నిలబడి ఉన్నాడు. భావనారాయణ ఓసారి ఆయన వంక చూశాడు.

"అవునండీ. సినిమాలో చూసే నేసింది మా అమ్మ."

చూశారుగా! ఇవాళ పెడనలో పది మగ్గాల మీద చింతపువ్వు అంచు నేస్తున్నారు. సినిమావాళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టండి! వెంకటరావమ్మ అంటారా? తిరుగు బస్సులో ఆవిడ కొడుకు పక్కన కూర్చోలేదు.