పరారైన వాదీ

మానవజాతి సాధించిన విజయాల్లో చంద్రుడి మీద కాలు పెట్టడం రెండోది. మొదటిది, అరబ్బు దేశంలోని ఫుజైరా కొండల్లో నీళ్ళు లేని వాగులను నీలిరంగుతో పటంలో గీయడం.

1978లో వాగుల నమోదు శాఖ ఈ పని చేపట్టింది. అక్కడ వాగును వాదీ అంటారు. (మన కోర్టుల్లో వాది అంటే దావా వేసినవాడు. అక్కడా అంతే. ప్రతివాది హయాత్ బాషా.) నెల్లూరు నుంచి వచ్చిన బాషా పని, కొలత గొలుసు పట్టుకుని ఎండలో నడవడం. పదిహేడో నంబరు వాదీ కొండకు ఉత్తరాన ఉందని అతనే సంతకం పెట్టాడు. (సర్వేయరుగారు ఏసీ గదిలోంచి పర్యవేక్షించారు.) పటం అచ్చయ్యాక లీవు ఇస్తామన్నారు. ఊళ్ళో కూతురికి రెండేళ్ళు నిండాయి. బాషా ఇంకా చూడలేదు.

అచ్చుకు ముందురోజు వాన కురిసింది. పదిహేడో నంబరు వాదీ గంటసేపు పారి, కొండకు దక్షిణంగా తిరిగి, అక్కడే ఎండిపోయింది.

శాఖ కంగారు పడలేదు. వాగు కోసం పటం మార్చడం నిబంధనలకు విరుద్ధం. కనుక పెద్ద అధికారి ముదీర్, సదరు వాదీ అనుమతి లేకుండా పనిస్థలం వదిలి పరారైనట్టు ప్రకటించి, ఏడు రోజుల్లో హాజరు కావాలని ఇసుకలో కర్ర పాతి నోటీసు అంటించాడు. (వాదీ స్థానికురాలు కనుక నోటీసు అరబ్బీలోనే ఇచ్చారు.) అది తిరిగొచ్చేదాకా బాషా పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలోనే ఉంటుందన్నాడు. (పనివాడికి పూచీపడి, వాడి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకునే యజమానిని అక్కడ కఫీల్ అంటారు.)

బాషా టైపిస్టు జ్ఞానరాజు దగ్గరికి పరుగెత్తాడు.

"ఏందన్నా ఇది? వాన పడితే వాగు జరగదా? నేనేమన్నా దాన్ని గుంజకు కట్టేసొచ్చినానా?"

"నువ్వు కట్టెయ్యలేదనే రిపోర్టులో రాసేరు, బాషా," అన్నాడు జ్ఞానరాజు.

బాషా ఆరు రోజులు డబ్బాలతో నీళ్ళు మోసి పాత గుంటలో పోశాడు. ఏడో రోజు తనిఖీకి వచ్చిన అధికారి ముందే అవి ఇంకిపోయాయి. "నీరు హాజరు, వాదీ గైర్హాజరు" అని రాసుకుని వెళ్ళాడు. బాషాకు ఏడుపొచ్చింది.

మర్నాడే అద్భుతం జరిగింది. వాదీకి దక్షిణానికి బదిలీ మంజూరైంది!

"మరి నా పాస్‌పోర్టో?" జ్ఞానరాజును అడిగిన బాషా మొహం వెలిగిపోయింది.

"ముందు దక్షిణం వైపు కొలవాలంట. ఆ పటం అచ్చయ్యాక చూస్తారంట."

"దానికి ఒక్కరోజులో ఇచ్చినారే అన్నా!"

"దానికి కఫీల్ ఎవరూ లేరు, ఎటైనా పోవచ్చు," అన్నాడు జ్ఞానరాజు కాగితం మిషన్‌లోకి ఎక్కిస్తూ. "నీకున్నాడు కదా."