చర్చి పెట్టెలో ఓడ కబురు

ఆదివారం ఉదయం అండమాన్ డాలీగంజ్‌లో నెహెమ్యా వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చిలో గిటారు వాయించాలి, జ్ఞానవతితో పెళ్ళి ఖాయం చేసుకోవాలి, అంతే. జ్ఞానవతి తండ్రి ప్రేమయ్య సంఘ పెద్ద. "పాట ఆఖరి బెంచీలో నా చెవికి ఆనితే పిల్లనిస్తాను. లేదంటే మంగళారం ఓడెక్కి వైజాగ్ సంబంధం ఖాయం చేసుకొచ్చేస్తాను" అని తేల్చి చెప్పాడు. ఆయన చెవులు అంతంత మాత్రం.

చాతం రంపపు మిల్లులో పనిచేసే నెహెమ్యా, పాత వాల్వులు ఏరి తెచ్చి గిటారు యాంప్లిఫయరు స్వయంగా కట్టుకున్నాడు. మొదటి వాల్వులోకి శబ్దం దూరే గ్రిడ్డుకు ముందు అరవై ఎనిమిది వేల ఓముల రెసిస్టరు ఉంది. రెసిస్టరంటే అడ్డు, అడ్డు తగ్గిస్తే మోత పెరుగుతుంది కదా అని అతనికి ఆ ఉదయమే జ్ఞానోదయమైంది.

"పుస్తకంలో అరవై ఎనిమిది వేలే ఉంది కదా, ఎందుకు తీస్తన్నావు?" అంది పూలు సర్దడానికి పెందలాడే వచ్చిన జ్ఞానవతి.

"పుస్తకం రాసినాయన మీ నాన్న చెవులు చూడలేదు. చూసుంటే వెయ్యే రాసేవోడు. బస్, చూస్తా ఉండు!"

వెయ్యి ఓములది అతికించాడు. అక్కడితో ఆగినా బాగుండేది. యాంప్లిఫయరు పెట్టెను తీసుకెళ్ళి సరిగ్గా ప్రేమయ్య బెంచీ వెనక పెట్టి, ముందున్న తన గిటారు దాకా ఇరవై అడుగుల తీగ లాగాడు.

పాటకు ముందు ప్రేమయ్య ప్రార్థనకు లేచాడు. "ప్రభువా, పిల్ల పెళ్ళి సంగతి నీకు తెల్సు. వైజాగ్ ఎల్లమంటావా, ఉండమంటావా? మాటాడు తండ్రీ!"

"యాత్రీ కృపయా ధ్యాన్ దే" అంది పెట్టె, ప్రయాణికులారా గమనించండని గంభీరమైన గొంతుతో.

ప్రేమయ్య భార్య మేరమ్మ మోకాళ్ళ మీద పడింది. "దేవుడు హిందీలో మాటాడతన్నాడేటి?" అంది పక్కనున్న పుష్పవతి.

"అండమాన్ కదా దీదీ! ఇక్కడ ఎవరైనా హిందీలోనే మొదలెట్టాల" అంది మేరమ్మ.

ఇంజను మరమ్మతు వల్ల మంగళవారం వైజాగ్ ఓడ మూడు వారాల దాకా కదలదని ఆ గొంతు హిందీలో చెప్పింది. "హల్లెలూయా! వద్దనేశాడు!" అని ప్రేమయ్య చేతులెత్తాడు. పెట్టె కొబ్బరి చెట్లకు పట్టే పురుగు గురించి ఎత్తుకుంది. సంఘం దానిక్కూడా ఆమేన్ అంది.

నెహెమ్యా పరుగున వచ్చి కరెంటు తీగ పీకాడు. నోరు మూసుకుంటే చాలు, పెళ్ళికొడుకైపోయినట్టే. జ్ఞానవతి వంక చూశాడు. ఆమె తలదించుకుని నవ్వు ఆపుకుంటోంది. ఆ పిల్లను అబద్ధంతో తెచ్చుకోవడానికి అతనికి మనసొప్పలేదు.

"పెద్దయ్యా, అది దేవుడు కాదు, రేడియో. అరవై ఎనిమిది వేల ఓముల అడ్డు తీసి వెయ్యిది పెట్టాను. గ్రిడ్డు దగ్గర ఆపేవాడు లేక తీగలోంచి రేడియో దూరిపోయింది. తప్పు నాదే."

ప్రేమయ్య వెనక్కి తిరిగి పెట్టెను తట్టి చూశాడు.

"ఓడ ఆగిపోయిందన్నది నిజమేనా?"

"నిజమే."

"చేతికొచ్చిన పెళ్ళిని నీ నోటితోనే కాదనుకున్నావు. అలాటోడు వైజాగ్ అంతా తిరిగినా దొరకడు. చలో, పిల్లనిచ్చేశాను!"

నెహెమ్యాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ తర్వాత వాయించిన పాట ఎవరికి వినిపించిందో, ఎవరికి లేదో ఎవరూ పట్టించుకోలేదు.

పెళ్ళినాటికి అరవై ఎనిమిది వేలదే తిరిగి పెట్టాలని జ్ఞానవతి పట్టుబట్టి పెట్టించింది. ఓడ వచ్చే వారం మాత్రం కబురు వినడానికి వెయ్యి ఓములదే ఉంచాలని ప్రేమయ్య సంఘం చేత తీర్మానం చేయించాడు.